768 కలిపితే.. మరాఠీ తెలుగవుతుంది!

* నదికి అటూ ఇటూ రెండు లిపులు.. రెంటికీ మధ్య ఒకే ఒక్క సంఖ్య
* మూడు వరుసల ప్రోగ్రాంతో అక్షరాలు మారిపోతాయి.. ఊళ్ల పేర్లు మాత్రం తప్పుతాయి
* ఆ తప్పు దిద్దగలిగింది రెండు భాషలూ వచ్చిన సరిహద్దు పిల్లలే

సిరోంచ:

సిరోంచ బస్టాండులో ఓ పది నిమిషాలు నిలబడితే చాలు. మహారాష్ట్ర ఎస్టీ బస్సు వస్తుంది. బోర్డు మరాఠీలో ఉంటుంది. వెనకాలే తెలంగాణ ఆర్టీసీ బస్సు వస్తుంది. దాని బోర్డు తెలుగులో ఉంటుంది. బడి సంచి వీపున వేసుకున్న పిల్లవాడు రెండూ గడగడా చదివేస్తాడు. బస్సు ఎక్కబోతున్న అవ్వకు ఏది ఎటు పోతుందో చెప్పేస్తాడు. ఇందులో వింతేముందని ఇక్కడివారు అనుకుంటారు. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే కదా!

వింత ఉంది. ఒకే పేరును రెండు లిపుల్లో చదివి, ‘ఇదీ అదీ ఒకటే’ అని చెప్పగలగడం కంప్యూటర్‌కు నేర్పాలంటే పెద్ద చదువులు చదివినవారే తంటాలు పడుతుంటారు. సిరోంచ పిల్లవాడికి ఆ విద్య ఉగ్గుపాలతో వచ్చింది. దాన్ని విద్య అని చెప్పినవారే లేరు. పైగా ‘మీవాడికి తెలుగు పూర్తిగా రాదు, మరాఠీ పూర్తిగా రాదు’ అన్న మాటే పడాల్సి వస్తోంది.

ఇంట్లో ఒకటి.. బడిలో ఒకటి.. తెరపై మరొకటి

ఇటు ప్రాణహిత, అటు గోదావరి. రెంటి సంగమానికి చేరువలో సిరోంచ. గోదావరి దాటితే కాళేశ్వరం, ప్రాణహిత దాటితే మంచిర్యాల జిల్లా కోటపల్లి మండలం. బ్రిటిష్ కాలంలో ఎగువ గోదావరి జిల్లాకు సిరోంచే కేంద్రం. ఆ తర్వాత చాందాలో కలిసింది. 1982 ఆగస్టు 26న చంద్రపూర్ నుంచి విడదీసి గడ్చిరోలి జిల్లా ఏర్పాటు చేశాక అందులో తాలూకా అయింది. జిల్లా కేంద్రానికి వెళ్లాలంటే రెండు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం. నది దాటితే మాత్రం తెలుగు నేల. ఒకప్పుడు పడవ మీద దాటేవారు, ఇప్పుడు వంతెనలు వచ్చాయి. పెళ్లి సంబంధాలు, సంతలు, ఆసుపత్రులు, జాతరలు అన్నీ అటూ ఇటూ కలిసే ఉంటాయి. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలు రెండు ఒడ్డులా జరిగాయి.

ఇక భాషల సంగతి. ఇంట్లో అమ్మానాన్నలతో తెలుగు. కొన్ని ఊళ్లలో గోండి, మాడియా. బడిలో మరాఠీ. కాస్త పెద్దయ్యాక కంప్యూటర్ ముందు కూర్చుంటే తెరపైన ఇంగ్లిష్. మహారాష్ట్ర నాలెడ్జ్ కార్పొరేషన్ 2001లో ఏర్పాటయ్యాక ఎంఎస్-సీఐటీ కోర్సు ఊరూరా పాకింది. సర్కారు కొలువుల్లో ఈ ధ్రువపత్రం అడుగుతుంటారు. అందుకని కుర్రకారు ఫీజు కట్టి నేర్చుకుంటారు. ఉత్తరం టైపు చేయడం, పట్టిక గీయడం, ఇంటర్‌నెట్ చూడడం.. ఇంతవరకు బాగానే ఉంది. కానీ, కంప్యూటర్‌ను వాడటం వేరు. మనకు కావాల్సిన పని దానికి చెప్పి చేయించడం వేరు. ఆ చెప్పే మాటలనే ప్రోగ్రామింగ్ భాష అంటారు. ఆ గడప దగ్గరే మన పిల్లలు ఆగిపోతున్నారు. ‘అది ఇంగ్లిష్ మీడియం వాళ్ల పని’ అనే భయం ఒకటి మనసులో బిగుసుకుపోయింది.

ఆ భయం పోగొట్టడానికి సిరోంచ పేరు ఒక్కటి చాలు.

మూడు వరుసల మాయ

కంప్యూటర్‌కు అక్షరాలు తెలియవు. అంకెలే తెలుసు. అందుకని ప్రపంచంలోని ప్రతి లిపిలో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య ఇచ్చారు. ఆ పద్ధతి పేరే యూనికోడ్. 1991లో దాని మొదటి రూపం వచ్చినప్పుడే తెలుగుకు, మరాఠీ రాసే దేవనాగరికి చోటు దక్కింది. మరాఠీ ‘క’ సంఖ్య 2325. తెలుగు ‘క’ సంఖ్య 3093. రెంటికీ తేడా 768.

సరే, ‘స’ చూద్దాం. మరాఠీలో 2360, తెలుగులో 3128. తేడా మళ్లీ 768! ‘చ’ చూసినా అంతే, ‘ర’ చూసినా అంతే. గుడి, కొమ్ము, సున్నా.. వేటికైనా అదే తేడా.

అంటే మరాఠీలో రాసిన సిరోంచ పేరులో ఒక్కో అక్షరం, ఒక్కో గుణింతపు గుర్తు తీసుకుని 768 కలుపుకొంటూ పోతే తెలుగులో పేరు వచ్చేయాలి. ‘పేరు తీసుకో. ప్రతి గుర్తుకూ 768 కలుపు. చూపించు.’ ప్రోగ్రాం అంటే ఇంతే. పైథాన్ అనే భాషలో మూడు వరుసలకు మించదు. నడిపితే తెరపైన ‘సిరోంచా’ అని తెలుగులో కనిపిస్తుంది. మరాఠీవారు చివర దీర్ఘం తీసి రాస్తారు కాబట్టి ఆ దీర్ఘం కూడా చెక్కుచెదరకుండా వస్తుంది. అహేరి అని మరాఠీలో ఇస్తే ‘అహేరీ’, అంకిస ఇస్తే ‘అంకిసా’ వస్తాయి.

ఎనిమిదో తరగతి పిల్లవాడికి కూడిక వస్తే చాలు, ఇది అర్థమవుతుంది. అర్థమైన రోజు వాడి కళ్లు మెరుస్తాయి. ఎందుకంటే వాడికి వచ్చిన రెండు లిపులూ, వాడికి వచ్చిన లెక్కా ఒక్కచోట కలిశాయి.

ఒకే తల్లి పిల్లలు

ఈ 768 దేవుడిచ్చిన వరమేమీ కాదు. వెనక మనవాళ్ల బుర్ర ఉంది. తెలుగు, దేవనాగరి రెండూ బ్రాహ్మీ లిపి నుంచి పుట్టినవే. చూడటానికి ఒకటి గుండ్రంగా, ఇంకొకటి తలకట్టు గీతతో ఉన్నా వరస మాత్రం ఒక్కటే. అ ఆ ఇ ఈ, క ఖ గ ఘ. కాన్పూర్ ఐఐటీలో మొదలై, ఆ తర్వాత పుణెలోని సీడాక్‌లో ఎదిగిన భారతీయ భాషల పరిజ్ఞానం ఈ పోలికనే ఆధారం చేసుకుంది. సీడాక్ 1988లో పుణెలో ఏర్పాటైంది. అన్ని భారతీయ లిపులకూ ఒకే పట్టిక సరిపోయేలా ‘ఇస్కీ’ అనే ప్రమాణం తయారైంది. 1991లో అది భారతీయ ప్రమాణంగా వెలువడింది. యూనికోడ్ వారు మన లిపులకు గదులు కేటాయించేటప్పుడు ఆ వరసనే తీసుకున్నారు. అందుకే ఒక లిపి గదిలో ఏ మూల ఏ అక్షరం ఉందో, పక్క లిపి గదిలోనూ ఆ మూలన అదే ఉంటుంది.

కీబోర్డు కథా అంతే. 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ ఇన్‌స్క్రిప్ట్ అనే అమరికను ఖరారు చేసింది. ఇంగ్లిష్ కె మీట నొక్కితే మరాఠీలో ‘క’ పడుతుంది. తెలుగుకు మార్చి అదే మీట నొక్కితే తెలుగు ‘క’ పడుతుంది. హెచ్ మీటకు ‘ప’, జె మీటకు ‘ర’, ఎల్ మీటకు ‘త’. ఏ భాషలోనైనా ఇవి మారవు. కొలువు కోసం ఇన్‌స్క్రిప్ట్‌లో మరాఠీ టైపింగ్ నేర్చుకున్న సిరోంచ యువతికి తెలుగు టైపింగ్ అప్పటికే వచ్చేసినట్టు! ఒక కష్టానికి రెండు ఫలితాలు. ఈ సంగతి చాలామందికి తెలియకపోవడం గమనార్హం.

మల్లయ్య కాస్తా ‘మల్లయ్యా’!

ఇక అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. మూడు వరుసల ప్రోగ్రాం అక్షరాన్ని మార్చగలదు. నాలుకను మార్చలేదు.

సరిహద్దు ఊళ్లలో మల్లయ్య పేరు సర్వసాధారణం. మరాఠీలో ఆ పేరు రాసేవారు చివర దీర్ఘం పెడతారు. దాన్ని ప్రోగ్రాంలో వేస్తే ‘మల్లయ్యా’ అని వస్తుంది. పేరు కాస్తా పిలుపైంది! ఎవరో గట్టు మీద నుంచి కేకేసినట్టు. తెలుగు చదివేవారికి నవ్వొస్తుంది. కంప్యూటర్‌కు మాత్రం అందులో తప్పే కనిపించదు.

గడ్చిరోలి సంగతి చూడండి. మరాఠీలో ‘డ’ను పూర్తి అక్షరంగానే రాస్తారు, పలికేటప్పుడు మాత్రం పొల్లు చేస్తారు. ప్రోగ్రాం రాసింది రాసినట్టు మారుస్తుంది. దాంతో ‘గడచిరోలీ’ వస్తుంది. మనం రాసేది గడ్చిరోలి. ఝింగానూరుదీ ఇదే తంతు. మరాఠీ బోర్డులో చివర ‘ర’ ఉంటుంది, పొల్లుగా పలుకుతారు. ప్రోగ్రాం ఇచ్చేది ‘ఝింగానూర’. మన నోట్లో తిరిగేది చివర ‘రు’తో. ‘ఊరు’ అన్న మాట అందులో ఉందని తెలుగువాడికి తెలుసు, లెక్కకు తెలియదు. ఎటపల్లిని వేస్తే ‘ఏటాపల్లీ’ అంటుంది. మరాఠీ రాతలో ఎ, ఏ అని తేడా లేదు. ఒకే ‘ఏ’ ఉంది. ఒ, ఓ కూడా అంతే. మరి ఎక్కడ పొట్టిగా పలకాలో ఎవరు చెప్పాలి?

మరాఠీలో డాక్టర్ అని రాసేటప్పుడు ‘డ’ పైన చిన్న చంద్రవంక ఆకారం పెడతారు. ఆ గుర్తు తెలుగులో లేదు. దాని సంఖ్యకు 768 కలిపితే తెలుగు గదిలో ఖాళీ చోటు తగులుతుంది. తెరపైన ఉత్త పెట్టె కనిపిస్తుంది. డాక్టర్ దగ్గరికి పోతే తాళం వేసి ఉన్నట్టు!

ఈ విలేకరికీ ఇందులో అనుభవం ఉంది. మరాఠీలో వచ్చిన ఓ ప్రకటనలోని ఊళ్ల పేర్లను తొందరలో యంత్రంతో తెలుగులోకి మార్చి పంపడం జరిగింది. మర్నాడు పొద్దున్నే ఫోను మోగింది. ‘మా ఊరి పేరు మాకే తెలియకుండా మార్చేశారేం సారూ’ అని అవతలి పెద్దాయన నిలదీశారు. జవాబు చెప్పలేక క్షమాపణ అడగాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి జాబితా ఒకటి రాసుకుంటున్నా. ఎడమవైపు మరాఠీ పేరు, కుడివైపు తెలుగు పేరు.

పత్రికలో తప్పు పడితే మర్నాడు సవరణ వేయొచ్చు. కాగితాల్లో పడితే? సరిహద్దు కుటుంబానికి ఈ ఒడ్డున రేషన్ కార్డు, ఆ ఒడ్డున చుట్టాల ఊళ్లో చదువు. ఆధార్‌లో పేరు ఇంగ్లిష్‌తో పాటు స్థానిక భాషలోనూ ఉంటుంది. ఒక కాగితంలో మల్లయ్య, ఇంకోదాంట్లో మల్లయ్యా, మరోచోట ఇంకోలా ఉంటే ‘ఇద్దరూ ఒక్కరేనని రుజువు తెండి’ అంటారు. అక్షరం ఒక్కటి జారితే మనిషి కార్యాలయాల చుట్టూ తిరగాలి. కాబట్టి ఇది కంప్యూటర్ సరదా మాత్రమే కాదు. పేదవాడి బస్సు ఛార్జీల సంగతి కూడా.

‘కూలి’ లెక్క తెలుగులోనే

మరి ప్రోగ్రాంనే తెలుగులో రాసుకోవచ్చా? కొంతవరకు రాసుకోవచ్చు. నెదర్లాండ్స్‌కు చెందిన గిడో వాన్ రాసమ్ 1991లో లోకానికి ఇచ్చిన పైథాన్ భాష ఉచితం. 2008 డిసెంబరులో వచ్చిన మూడో రూపం నుంచి అందులో మనం పెట్టుకునే పేర్లు ఏ లిపిలోనైనా ఉండొచ్చు. తునికాకు కాలంలో ఇంటిల్లిపాదీ చేసే లెక్కనే తీసుకోండి.

కూలి = కట్టలు * ధర

పైథాన్‌కు ఈ వరుస అక్షరాలా చెల్లుతుంది. మార్చక్కర్లేదు. కట్టలు ఎన్నో, ధర ఎంతో ముందు చెబితే కూలి ఎంతో అది చెబుతుంది. ఇంగ్లిష్ రాదన్న బెంగ ఈ వరుస దగ్గర ఉండదు. మరో విశేషం ఏమిటంటే, ధర అడిగినప్పుడు ౪౦ అని తెలుగు అంకెల్లో కొట్టినా, మరాఠీ బడిలో నేర్పిన అంకెల్లో కొట్టినా పైథాన్ దాన్ని నలభైగా మార్చుకోగలదు.

అయితే చిక్కులూ లేకపోలేదు. ‘అయితే’, ‘ఉన్నంతవరకు’ లాంటి ఆజ్ఞలు ఇంగ్లిష్‌లోనే ఇవ్వాలి. అవి ఓ ముప్పై అయిదు మాటలు. నేర్చుకోవడం పెద్ద పనేమీ కాదు. ఇంకో చిక్కు తెలుగువాళ్లకే ప్రత్యేకం. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసేటప్పుడు ‘ట్’ దగ్గర ‘వ’ కిందికి దిగి వత్తు కాకుండా ఉండటానికి నడుమ కంటికి కనిపించని విడదీసే గుర్తు పెడతాం. అలాంటి మాటను పేరుగా పెడితే పైథాన్ ఒప్పుకోదు, తప్పు చూపించి ఆగిపోతుంది. ఎక్కడుందా తప్పు అని కళ్లు కాయలు కాచేలా చూసినా కనిపించదు. ఎలా కనిపిస్తుంది, ఆ గుర్తుకు రూపమే లేదాయె!

‘తెలుగు’ అనే మాటలో ఎన్ని అక్షరాలని పిల్లల్ని అడిగితే మూడు అంటారు. పైథాన్‌ను అడిగితే ఆరు అంటుంది. త, ల, గ మూడు. వాటి ఎత్వం, రెండు కొమ్ములు ఇంకో మూడు. ‘శ్రీ’ మనకు ఒక్క అక్షరం. దానికి నాలుగు. అది తప్పు కాదు, లెక్కపెట్టే పద్ధతి వేరు. కానీ పదవినోదం తయారు చేయాలన్నా, పేరులో మొదటి అక్షరం తీయాలన్నా ఈ తేడా తెలిసినవాడే చేయగలడు. అంటే, తెలుగు వచ్చినవాడే చేయగలడు.

తమిళులు ఇంకో అడుగు ముందుకు వేశారు. ముత్తయ్య అన్నామలై ‘ఎళిల్’ పేరుతో ఆజ్ఞలు సైతం తమిళంలోనే ఉండే ప్రోగ్రామింగ్ భాషను రూపొందించారు. 2009లో దానిపై పత్రం వెలువరించారు. అది కూడా పైథాన్ పునాది మీద కట్టిందే. పిల్లలు ముందు సొంత భాషలో ఆలోచన పట్టుకుంటే, ఆ తర్వాత ఏ భాషకైనా మారొచ్చన్నది దాని వెనక ఉద్దేశం.

పది మంది చేతులు పడితేనే..

ఈరోజు ఫోన్‌లో తెలుగు తేలిగ్గా రాసేస్తున్నాం. ఇది ఏ ఒక్క కంపెనీ పుణ్యమో కాదు. మూడు దశాబ్దాలుగా ఉద్యోగాలు చేసుకుంటూనే రాత్రిళ్లు కూర్చుని పని చేసినవారి చలవ ఇందులో ఉంది.

1990ల మొదట్లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతిని తయారు చేశారు. దేశం కాని దేశంలో తెలుగువారు ఒకరికొకరు జాబులు రాసుకోవడానికి అదే ఆధారమైంది. కెనడాలో స్థిరపడిన తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన పేర్లతో యూనికోడ్ ఫాంట్లు తయారు చేసి ఉచితంగా ఇచ్చారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. దానికి నాంది పలికిన వెన్న నాగార్జునే పాత ఫాంట్ల రాతను యూనికోడ్‌లోకి మార్చే ‘పద్మ’ను రూపొందించారు. 2006లో వీవెన్ ‘లేఖిని’ని అందుబాటులోకి తెచ్చారు. ఇంగ్లిష్ అక్షరాలు కొడుతుంటే పక్కన తెలుగు ప్రత్యక్షం! ఎందరో తెలుగులో తొలి వాక్యం రాసింది అందులోనే. ‘ఈ-తెలుగు’ సభ్యులు హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో స్టాలు పెట్టి, వచ్చినవారికి కంప్యూటర్‌లో తెలుగు రాయడం నేర్పారు.

2005లో హైదరాబాద్ కేంద్రంగా ‘స్వేచ్ఛ’ ఉద్యమం మొదలైంది. ఎవరైనా వాడుకోగల, మార్చుకోగల సాఫ్ట్‌వేర్ కావాలన్నది వారి మాట. మెనూలన్నీ తెలుగులో ఉండే ఆపరేటింగ్ సిస్టంను విడుదల చేశారు. ఇంజినీరింగ్ కళాశాలల్లో విద్యార్థి బృందాలు ఏర్పరిచారు. వేల మంది విద్యార్థులతో తెలుగు కథలను కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఆ కథల ఆధారంగా తెలుగులో కథ అల్లే కృత్రిమ మేధ నమూనానూ తీసుకొచ్చారు. ఇక పైథాన్ వాడేవారి దేశవ్యాప్త సమ్మేళనం ‘పైకాన్ ఇండియా’ 2011లో పుణెలో, 2018లో హైదరాబాద్‌లో జరిగింది. ఒకటి మన రాష్ట్రంలోనే, ఇంకొకటి మన భాషవారి రాజధానిలో. నడుమనున్న సిరోంచకు మాత్రం ఆ సందడి వినపడలేదు.

ఇలాంటి బృందాల్లో ఓ ఆచారం ఉంది. ఒకడు తప్పు పట్టుకుంటే దాన్ని నలుగురికీ కనిపించేలా రాసిపెడతాడు. ఇంకొకడు దిద్దుతాడు. మూడోవాడు దాన్ని పరీక్షించి ‘సరే’ అంటాడు. డిగ్రీ ఏమిటి, ఏ ఊరు అని అడగరు. పని చూస్తారు. మన ఊళ్లలో నాట్లకు ‘బదలు’ పోయినట్టే ఇదీ. నేడు నీ మడిలో నేను, రేపు నా మడిలో నువ్వు.

గోండిదీ అదే దారి

ఈ నేల మూడో భాష గోండి. గోండికి తెలుగు లిపిలో రాసేవారున్నారు, దేవనాగరిలో రాసేవారున్నారు. సొంత లిపులూ ఉన్నాయి. 1918లో మున్షీ మంగల్‌సింగ్ మసరాం రూపొందించిన లిపికి 2017లో యూనికోడ్‌లో చోటు దక్కింది. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాలలో బయటపడిన రాతప్రతుల లిపికి 2018లో దక్కింది. ఆచార్య జయధీర్ తిరుమలరావు వంటివారు ఆ ప్రతుల మీద పని చేశారు. గుంజాల ఓ మారుమూల పల్లె. అక్కడి పెద్దలు దాచుకున్న కాగితాలు ఇవాళ ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ అనుసరించే పట్టికలోకి చేరాయి. మారుమూల అన్నది అడ్డం కాదని చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి?

సరిహద్దుకు ఏం కావాలి?

2021లో ఏఐసీటీఈ దేశంలోని 8 రాష్ట్రాల్లో 14 ఇంజినీరింగ్ కళాశాలలకు భారతీయ భాషల్లో బోధించేందుకు అనుమతి ఇచ్చింది. ఆ అయిదు భాషల్లో మరాఠీ ఉంది, తెలుగు ఉంది. పుస్తకాలు రెండు భాషల్లోకీ తర్జుమా చేయించారు. ఈ రెండూ చదివి, ఇక్కడ ఒక మాట అక్కడ ఏమవుతుందో చూసి చెప్పగలిగేవారు ఎవరు? సరిహద్దు బిడ్డలే. పుణెలో ఉన్నవారికి తెలుగు తెలియదు. హైదరాబాద్‌లో ఉన్నవారికి మరాఠీ తెలియదు. సిరోంచలో పదో తరగతి తప్పినవాడికి కూడా రెండూ తెలుసు.

కావాల్సింది పెద్ద భవనం కాదు. వారానికి ఓ రెండు గంటలు తెరిచి ఉండే గది. రెండు పాత కంప్యూటర్లు. పైథాన్‌కు రూపాయి ఖర్చు లేదు, ఫోన్‌లో కూడా నడుస్తుంది. లెక్కలు చెప్పే మాస్టారు ఒకరు, ఎంఎస్-సీఐటీ పూర్తి చేసిన యువకులు ఇద్దరు ముందుకు వస్తే చాలు. మొదటి పనిగా తాలూకాలోని ఊళ్ల పేర్ల పట్టిక తయారు చేయొచ్చు. మరాఠీలో ఎలా రాస్తారు, తెలుగులో ఎలా పలుకుతారు, గోండిలో ఏమంటారు. ముసలివాళ్లను అడిగి రాయాలి. దాన్ని ప్రోగ్రాంకు జోడిస్తే 768 చేసిన తప్పులు ఒక్కొక్కటే దిద్దుకుంటాయి. ఆ తర్వాత మనుషుల పేర్లు. మల్లయ్య, రాజన్న, లక్ష్మక్క.. చివరి దీర్ఘం ఎక్కడ ఉంచాలి, ఎక్కడ తీసేయాలి?

ఆ పట్టికను అందరికీ ఉచితంగా ఇస్తే, తహసీల్ కార్యాలయంలో గుమస్తాకు పనికొస్తుంది. పత్రికల వారికి పనికొస్తుంది. బస్సు బోర్డు రాసేవారికీ పనికొస్తుంది. దాని కింద ‘సిరోంచ పిల్లలు’ అని ఉంటుంది.

చేసి చూడండి

* ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో పైథాన్ మూడో రూపం వేసుకోండి. ఉచితం.
* అక్షరం ఇస్తే సంఖ్య చెప్పేది ‘ఆర్డ్’. సంఖ్య ఇస్తే అక్షరం చెప్పేది ‘సీహెచ్‌ఆర్’. ఈ రెండు ఆజ్ఞలే కీలకం.
* మీ ఊరి పేరు మరాఠీలో ఇచ్చి, ఒక్కో గుర్తు సంఖ్యకు 768 కలపండి.
* రెండు మాటల పేరైతే జాగ్రత్త. నడుమ ఖాళీకి కూడా 768 కలిపితే అక్షరం కింద ఏదో గీత వచ్చి పడుతుంది. సంఖ్య 2304 నుంచి 2431 లోపు ఉంటేనే కలపమని చెప్పాలి. దేవనాగరి గది ఆ మేరకే.
* తెలుగు నుంచి మరాఠీకి పోవాలంటే 768 తీసేయండి. ‘తెలుగు’ అన్న మాటతో చేసి చూడండి. పొట్టి ఎత్వానికి దేవనాగరిలో ఓ గుర్తు వస్తుంది కానీ, మరాఠీ చదివేవారికి అది కొత్త. అక్కడ ఏం చేయాలో మీరే చెప్పాలి.
* తప్పు వచ్చిన ప్రతి పేరునూ నోటుపుస్తకంలో రాసిపెట్టండి. అసలు పని ఆ పుస్తకంతోనే మొదలవుతుంది.

సాయంత్రం చివరి బస్సు కాళేశ్వరం వైపు కదిలేసరికి సిరోంచ బస్టాండులో దీపాలు వెలుగుతాయి. బోర్డు చదివి పెట్టమని ఎవరో అవ్వ అడుగుతూనే ఉంటుంది. పిల్లవాడు చదివి పెడుతూనే ఉంటాడు. ఆ చదివి పెట్టడమే రేపు వాడికి అన్నం పెట్టొచ్చు. ఆ మాట వాడికి ఎవరైనా చెప్పాలి.